మూల కొయ్యని చెయ్యి

ఆ ఏడు ఫుట్‌బాల్ సీజను మొదలయ్యేనాటికి మా కొట్లో పెద్ద మిషను మీద దుమ్ము పేరుకుపోయింది. బస్సు సీట్లు, లారీ సీట్లు, సినిమా హాలు కుర్చీలు కుట్టిన మిషను అది. మందపాటి రెక్సిన్ నాలుగు మడతలు పెట్టినా నమిలేసేది. ఇప్పుడు సీట్లన్నీ ఎక్కడో అచ్చుల్లో పోసి పంపుతున్నారు. చిరిగితే పారేసి కొత్తవి వేయించుకుంటున్నారు తప్ప కుట్టించే ఓపిక ఎవరికీ లేదు. మా ఆయన ఇరవై ఏళ్ళు ఫోము కోసి, ఆ పొడి పీల్చి, నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూర్చునే స్థితికి వచ్చాడు. పాత కుట్లు విప్పడం, దారాలు ఏరడం, నన్ను సాధించడం ఆయన పనులు. మూడోది మాత్రం ఆయాసం లేకుండా చేసేవాడు.

ఒక రోజు భోజనాల దగ్గర చెప్పేశాను.

"పెద్ద మిషను అమ్మేద్దాం. నేను బట్టల కంపెనీలో చేరతాను. కాలర్లు కుట్టేవాళ్ళు కావాలట."

మా ఆయన కంచంలోకి చూస్తూ ఊఁ అన్నాడు. మా మరిది ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశాడు.

"మిషను అమ్మేస్తే ఇక కొట్లో ఏముంటుంది వదినా?"

"మీ అన్న ఉంటాడు. ఆయన్నెవరూ కొనరులే."

వాడు నవ్వలేదు. మామూలుగా నా మాటలకి అందరికంటే ముందు నవ్వేది వాడే. నేను ఈ ఇంట్లో కాలు పెట్టేనాటికి వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. మా ఊరి జట్టు మ్యాచ్ ఆడితే చాలు, మెడలో ఆకుపచ్చ కండువా, చేతిలో మూరెడు ప్లాస్టిక్ బూర. ఊది ఊది బుగ్గలు సాగిపోయాయని పేటంతా వాడిని బూర అనే పిలిచేది. కానీ కత్తి చేతికిస్తే వాడంత శుభ్రంగా కోసేవాడు ఆ చుట్టుపక్కల లేడు. వాడికి కత్తి పట్టడం నేర్పింది నేను.

ఆ ఆదివారం జట్టు బయటి ఊళ్ళో మొదటి మ్యాచ్ ఆడింది. సోమవారం పొద్దున్నే పెద్దాయన వచ్చి ఆరు సీట్లు మా గుమ్మంలో దింపాడు.

పెద్దాయనంటే అభిమానుల సంఘం అద్దెకు తీసుకునే బస్సు డ్రైవరు. అరవైకి దగ్గర పడ్డాడు. ఒకప్పుడు వాళ్ళ బస్సుల పనంతా మాకే వచ్చేది కాబట్టి పాత పరిచయం.

"ఏంటి పెద్దాయనా, బస్సులో ఎలుకలు పడ్డాయా?" అన్నాను.

"ఎలుకలైతే నయం అమ్మా. వాటికి పాటలు రావు."

స్టూలు మీద కూలబడి టీ తాగుతూ చెప్పుకొచ్చాడు. వెళ్ళేటప్పుడు పెట్రోలు బంకు దగ్గర నలభై మందీ ఒక్కసారి దిగి, పక్కనున్న దుకాణంలో బిస్కెట్లు, సీసాలు చేతికందినవి అందినట్టు లాక్కున్నారట. గల్లాపెట్టె దగ్గరున్న పిల్ల ఏడుస్తూ నిలబడిందట. బస్టాపుల్లో ఆడవాళ్ళు కనిపిస్తే చాలు, కిటికీల్లోంచి బూతుపాటలు. నడుస్తున్న బస్సులోంచి, మెట్ల మీద నిలబడి, చెప్పకూడని పని. తీరా మ్యాచ్ రెండు గోల్స్ తేడాతో పోయింది. తిరుగు ప్రయాణంలో సీట్లు చింపారు.

"మీరేం అనలేదా?"

"నేను రోడ్డు చూడాలా, అద్దంలో వాళ్ళని చూడాలా? అన్నానమ్మా. అంటే నా పేరు మీద కూడా ఒక పాట కట్టారు."

నేను సీట్లు తిరగేసి చూశాను. నాలుగు అడ్డదిడ్డంగా, పేగులు బయటపడ్డట్టు ఫోము బయటికొచ్చి ఉన్నాయి. రెండు మాత్రం కాస్త నయం.

"ఈ రెండూ అదృష్టమే. మూలలు మిగిలాయి."

"మూలలైతే ఏంటి?"

"కవరు నిలబడేది మూలల మీదే పెద్దాయనా. పక్కన ఎంత పొడుగు చిరిగినా అతుకేసి కుట్టొచ్చు. మూల పోయిందంటే కవరు మొత్తం మార్చాలి."

ఆయన ఆ మూల మీద బొటనవేలితో ఒకసారి రాసి చూశాడు. ఏది చెప్పినా అలా చేత్తో ముట్టుకుని చూసే అలవాటు ఆయనకి.

మా మరిది అప్పుడే నిద్ర లేచి వచ్చాడు. సీట్ల వైపు చూడనైనా చూడకుండా పెద్ద మిషను మీది గుడ్డ తీసి, దుమ్ము దులిపి, నేను అడక్కుండానే నూనె వేశాడు.

రెండు వారాలకొకసారి బయటి ఊరి మ్యాచ్. ఆ మర్నాడు మా గుమ్మంలో సీట్లు. ఎనిమిది, ఏడు, పది. కొట్టు మళ్ళీ కొట్టులా తయారైంది. గమ్ము వాసన, ఫోము ముక్కలు, మిషను చప్పుడు. మా ఆయన మూతికి గుడ్డ కట్టుకుని కుట్లు విప్పుతూ కూనిరాగాలు తీసేవాడు. "మన జట్టు ఇలాగే ఓడుతూ ఉండాలే," అనేవాడు. నడుము విరిగేది నాకే అయినా, ఆయన కూనిరాగం విని ఎన్నేళ్ళయిందోనని సంతోషంగా ఉండేది. మిషను అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు.

ఐదో విడత సీట్లు వచ్చిన మధ్యాహ్నం, కవర్లు విప్పి బల్ల మీద పరిచాను. మూడు కవర్లు పక్కపక్కన పడ్డాయి. అప్పుడు కనిపించింది.

మూడింటి మీదా కోత ఒకేలా ఉంది. అంచు కుట్టుకి సరిగ్గా అరవేలు దూరంలో మొదలై, కుట్టు వెంబడే తిన్నగా నడిచి, మూలకి బొటనవేలంత దూరంలో ఆగిపోయింది. ఆగిన చోట కత్తి పైకి లేచినట్టు చిన్న గీత. తాగి తూలుతూ, గతుకుల రోడ్డు మీద, ఓడిన కోపంలో కోసేవాడు కుట్టు పక్కన అరవేలు వదిలిపెడతాడా? మూల వచ్చిందని ఆగుతాడా?

మొదటి రోజు కత్తి చేతికిచ్చి నేను చెప్పిన మాటలే అవి. అరవేలు వదులు. మూల కొయ్యకు. వాడి చేతిరాతని నేనెంత గుర్తుపడతానో ఆ కోతనీ అంతే గుర్తుపట్టాను. సిగ్గుతో తల తిరిగింది. సిగ్గుతోపాటు ఇంకొకటి కూడా అనిపించింది, దాచను. ఎంత బాగా కోశాడో అనిపించింది.

ఆ సీట్లకి కొత్త కవర్లు కుట్టొచ్చులే అని మూడు కవర్లూ మడిచి పక్కన పెట్టాను. వాడు ఎదురుగా కూర్చుని ఫోముకి గమ్ము రాస్తున్నాడు. వాణ్ణి పిలిచి అడగడానికి నోరు తెరిచాను. అదే సమయానికి మా ఆయన ఏదో పాట మధ్యలో దగ్గు రాకుండా ఒక చరణం మొత్తం పాడేసి, "విన్నావా?" అన్నాడు. నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన విడత కూడా నోరు మూసుకునే కుట్టాను. కుట్టే ప్రతి కుట్టుకీ తెలుసు నాకు, ఇది ఎవరు కోసింది, ఎందుకు కోసింది. మింగలేక కక్కలేక అంటారే, అదే.

ఆ విడత సీట్లు తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు పెద్దాయన టీ ముట్టుకోలేదు.

"ఓనరు పిలిచాడమ్మా. ఎవరు చింపుతున్నారో పట్టుకోలేని డ్రైవరు నాకెందుకన్నాడు. ఈసారి ఒక్క సీటు చిరిగినా తాళాలు ఇచ్చేసి పొమ్మన్నాడు."

"ఎన్నేళ్ళ సర్వీసు మీది?"

"ఇరవై తొమ్మిది. ఇంకొక్క ఏడాది లాగితే మర్యాదగా దిగిపోదును. ఇప్పుడు దిగితే ఏమీ రాదు. ఈ కళ్ళద్దాలు చూసి వేరే బస్సు ఎవడిస్తాడు నాకు?"

నా చేతిలో సూది గుచ్చుకుంది. రక్తం రెక్సిన్‌కి అంటకుండా వేలు నోట్లో పెట్టుకున్నాను. మా మరిది గోడ వైపు తిరిగి ఫోము కోస్తున్నాడు. కోస్తున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

పెద్దాయనే చెప్పాడు, అభిమానుల సంఘంలో పెద్దలు ఒక ఉపాయం కనిపెట్టారని. ఈసారి ఇంట్లోవాళ్ళని కూడా బస్సులో తీసుకెళ్తారట. అక్కలు, వదినలు, అమ్మలు పక్కనుంటే కుర్రాళ్ళు కుదురుగా ఉంటారని.

"నువ్వు కూడా రామ్మా. నువ్వుంటే బూర బుద్ధిగా ఉంటాడు. వాడు ఉంటే నలుగురు వింటారు."

సరేనన్నాను. ఆదివారం పొద్దున బయల్దేరేముందు మా మరిదితో, "ఈసారి సీట్లు చిరక్కూడదు," అన్నాను.

"నాకెందుకు చెప్తున్నావు?"

"నీకు కాకపోతే మీ అన్నకి చెప్పనా?"

వాడు బూర తుడుస్తూ ఉండిపోయాడు. తలెత్తి నా మొహం చూడటానికి చాలాసేపు పట్టింది.

ఇంట్లోవాళ్ళని తీసుకొచ్చింది నలుగురే. మమ్మల్ని ముందు సీట్లలో కూర్చోబెట్టారు. ఊరు దాటేదాకా నిజంగానే బుద్ధిగా ఉన్నారు. దాటాక వెనక నుంచి మొదటి పాట లేచింది. రెండో పాటకి నా పక్కనున్నామె కొంగు చెవులకి అడ్డం పెట్టుకుంది. మూడో పాటకి ఆమె కొడుకు గొంతు అందరికంటే పైన వినిపించింది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పెట్రోలు బంకు దగ్గర దుకాణం వాడు మా బస్సుని చూసి షట్టరు దించేశాడు. షట్టరు మీద రాళ్ళు వేశారు. దాని మీద పిడిగుద్దులు గుద్దుతూ పాడారు. పెద్దాయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, వాన వెలిసేదాకా ఆగినట్టు ఆగాడు.

నాకు ఆట తెలీదు. స్టేడియంలో బంతినెవరు చూశారు, నేను చూసింది మనుషుల్నే. మా మరిది కంచె దగ్గర నిలబడి బూర ఎత్తి ఊదగానే వందల మంది ఒక్కసారి లేచారు. వాడు ఆపితే ఆగారు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి అక్కడ అంతమందిని చేతిలో పెట్టుకుని ఆడిస్తున్నాడు. కాసేపు గర్వంగా అనిపించింది. అవతలి జట్టు గోల్ కొట్టాక సీసాలు ఎగిరాయి. ఒకటి వెళ్ళి అటువైపు కూర్చున్న ఒక ముసలాయన మొహానికి తగిలింది. ఆయన కింద పడలేదు. వంగి, కాళ్ళ దగ్గర కళ్ళజోడు కోసం తడుముకుంటూ ఉండిపోయాడు. మావాళ్ళు నవ్వారు. మా మరిది బూర దించి ఆయన వైపే చూస్తున్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచి, "ఊదరా," అన్నాడు. ఊదాడు.

మూడు గోల్స్‌కి ఒకటి కొట్టి ఓడిపోయాం. బస్సు కదలగానే బయటి నుంచి వాళ్ళ అభిమానులు రాళ్ళేశారు, లోపలి నుంచి మనవాళ్ళు సీసాలేశారు. ఒక అద్దం పగిలింది. ఊరు దాటాక పాటలు ఆగాయి. అలసిపోయి పడుకుంటారేమో, గండం గడిచిందేమో అనుకున్నాను. మా మరిది నా వెనక రెండు వరసల అవతల, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వాడి చేతుల్లో ఏమీ లేదు. నేను రెండుసార్లు తిరిగి చూశాను.

చిరుగుతున్న చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. తిరిగి చూస్తే, వాడి పక్క వరసలో ఒకడు పగిలిన సీసా ముక్కతో సీటు గీకుతున్నాడు. ఇంకో ఇద్దరు వాడిని చూసి తమ సీట్ల మీద పడ్డారు. మా మరిది లేచాడు.

"వద్దురా. ఈసారి వద్దు."

"నువ్వు నేర్పిన ఆటేగా బూరా," అన్నాడు వాడు, సీసా ముక్కని మూల మీదికి లాగుతూ.

"ఒరేయ్, మూల కొయ్యకురా!"

బస్సంతా గొల్లుమని నవ్వింది. మూల కొయ్యకురా, మూల కొయ్యకురా అని అప్పటికప్పుడు దానికో పాట కట్టేశారు. నేను ముందుకు తిరిగాను. పైన అద్దంలో పెద్దాయన కళ్ళు కనిపించాయి. మా మరిదిని చూశాయి. నన్ను చూశాయి. తర్వాత మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. ఇల్లు చేరేదాకా ఆయన ఆ అద్దంలోకి చూడలేదు.

సోమవారం తొమ్మిది సీట్లు తెచ్చాడు. ఎప్పట్లాగే స్టూలు మీద కూర్చున్నాడు. ఎప్పట్లాగే టీ ఇచ్చాను.

"నెలాఖరుకి తాళాలు ఇచ్చెయ్యమన్నాడమ్మా. ఎవరో కనబడలేదా అని మళ్ళీ అడిగాడు. రోడ్డు చూస్తున్నాను, కనబళ్ళేదన్నాను."

ఆయన వంగి ఒక సీటు మూల మీద బొటనవేలితో రాశాడు.

"ఈసారి వీటికి మూలలు కూడా పోయాయి. వీటిని మార్చాల్సిందే కదూ?"

"మార్చాల్సిందే," అన్నాను.

టీ మొత్తం తాగాడు. కప్పు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, మా ఆయనకి ఆరోగ్యం జాగ్రత్తని చెప్పి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. మా మొహం మీద ఉమ్మేసినా ఇంత బాధ ఉండేది కాదు.

నేను మిషను ఆపి మరిది వైపు తిరిగాను.

"ఎన్ని కోశావు?"

వాడు నీళ్ళు నమల్లేదు. "మొదటిసారి రెండు. తర్వాత ఎప్పుడూ రెండో మూడో. నిన్న ఒక్కటీ కొయ్యలేదు."

"మిగతావి?"

"నన్ను చూసి మొదలెట్టారు."

"ఎందుకురా?"

వాడు పెద్ద మిషను వైపు చూశాడు. "ఓడిన కోపం అనుకుంటారులే అనుకున్నాను. నువ్వు అమ్మేస్తానన్నావుగా."

మూలనున్న మా ఆయన చేతిలో దారాల ఉండ కింద పెట్టాడు. "ఆయన తాళాలు పోతాయి, మన మిషను ఉంటుంది. మంచి బేరం కుదిర్చావురా," అని, ఇంకేదో అనబోయి దగ్గులో పడ్డాడు. నేను నీళ్ళిచ్చి వీపు రాస్తూ నిలబడ్డాను. చెప్పకుండా ఊరుకోవచ్చు. వాడొక్కడినే దోషిని చేసి నిలబెట్టొచ్చు. కానీ ఆ ఓపిక కూడా లేదు నాకు.

"నాకు నెల్లాళ్ళుగా తెలుసు," అన్నాను.

వాడు తల ఎత్తాడు. "తెలిసే కుట్టావా వదినా?"

"తెలిసే కుట్టాను."

వాడి మొహం అప్పుడు మారింది. పెద్దాయన మాటలకి రాని నీళ్ళు ఈ మాటకి వచ్చాయి. అటు తిరిగి తుడుచుకున్నాడు. నేను గోడ పక్కనున్న చెప్పులు వేసుకుని, దాచిపెట్టిన మూడు కవర్లూ చంకలో పెట్టుకుని గుమ్మం దిగాను. పిలవలేదు. సందు చివరికి వెళ్ళేసరికి వెనకాల వాడి అడుగులు వినిపించాయి.

బస్సుల ఓనరు ఆఫీసు షెడ్డు పక్కన ఇరుకు గది. ఆయన ఫోనులో మాట్లాడుతూనే కూర్చోమని చెయ్యి చూపించాడు. మేం కూర్చోలేదు. ఫోను పెట్టేదాకా ఆగి మా మరిది చెప్పాడు.

"సీట్లు కొయ్యడం మొదలెట్టింది నేను సార్. డ్రైవరు తప్పేం లేదు."

ఓనరు వాడినీ నన్నూ ఎగాదిగా చూశాడు. "ముసలాయన మీద జాలితో వచ్చారా? ఆయన పంపించాడా?"

నేను కవర్లు బల్ల మీద పరిచి, కోత ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చూపించాను. ఆయనకి అర్థం కాలేదు. మా మరిది జేబులోంచి చిన్న కత్తి తీశాడు. సీజను మొదట్లో పోయిందని నేను కొట్టంతా వెతికిన కత్తి. ఒక కవరు లాక్కుని, చిరగని వైపుకి తిప్పి, మా ఇద్దరినీ చూస్తూనే ఒక్క గీత గీశాడు. కుట్టుకి అరవేలు దూరంలో. మూల రాగానే చెయ్యి దానంతటదే లేచింది.

ఓనరు పాత కోత మీద ఒక వేలు, కొత్త కోత మీద ఒక వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"పోలీసులకి చెప్పొచ్చు నేను," అన్నాడు చివరికి. "చెప్తే నాకు సీట్లు కుట్టి పెడతారా వాళ్ళు? సీజనులో ఇంకా మూడు మ్యాచ్‌లున్నాయి. ప్రతి మ్యాచ్‌కీ బస్సులో వెళ్ళు. దిగకూడదు. వాళ్ళు లోపల ఆట చూస్తుంటే నువ్వు బస్సులో కూర్చుని చిరిగినవి కుట్టు. బూర డ్రైవరుకి ఇచ్చెయ్. ఆ తర్వాత మీ కొట్టుకి నా బస్సుల పని లేదు."

"డ్రైవరు?" అన్నాను.

"ఉంటాడు."

బయటికొచ్చాక ఇద్దరం షెడ్డు గోడ నీడలో కాసేపు నిలబడ్డాం. "మిషను అమ్మేద్దాం వదినా," అన్నాడు వాడు. నేను తల ఊపాను.

మిగిలిన ప్రయాణాలకి నేనూ వెళ్ళాను. బిగించి ఉన్న సీటు మీద కుట్టాలంటే వంకర సూది కావాలి, వంకర సూదికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కవరు లాగి పట్టుకోవాలి, ఇంకొకరు కుట్టాలి. కుర్రాళ్ళు మారిపోయారని చెప్తే బాగుంటుంది కానీ, ఏమీ మారలేదు. అవే పాటలు, అవే దుకాణాలు. కొత్తగా వచ్చింది మా మరిది మీద పాట. చాడీలకోరని దాని సారం. దిగేటప్పుడు ఒక్కొక్కడూ వాడి నెత్తి మీద పల్లీ తొక్కలు వేసి దిగేవాడు. వాడు దులుపుకుని సూదిలో దారం ఎక్కించుకునేవాడు. బూర పెద్దాయన సీటు పక్కన కొక్కేనికి వేలాడుతుండేది.

పెద్దాయన మాతో ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. మొదటి ప్రయాణంలో అసలు మాట్లాడలేదు. రెండోసారి రొట్టె పొట్లం విప్పి మాకూ చెరో ముక్క ఇచ్చాడు.

ఆఖరి మ్యాచ్ నాటికి మిషనుకి బేరం కుదిరింది. మర్నాడు పొద్దున వచ్చి పట్టుకెళ్తామన్నారు. మా మరిది ముందు రోజే దాన్ని విప్పి, తుడిచి, నూనె వేసి ఉంచాడు. మా ఆయన దాని చక్రం చేత్తో ఒకసారి తిప్పి చూసుకుని, ఆ రోజంతా ఎవరినీ సాధించలేదు. నాకు మొదటి తారీఖు నుంచి కాలర్ల కంపెనీలో పని.

ఆ మ్యాచ్‌లో గెలిస్తేనే జట్టు లీగులో పై వరసలో ఉంటుంది. ఓడితే కింది వరసకి దిగిపోతుంది. మనవాళ్ళు పొద్దున్నించీ తాగే ఉన్నారు. వెళ్ళేదారిలోనే నాలుగు సీట్లు చించారు. బస్సుని స్టేడియం గోడ పక్కన ఆపగానే కేకలేసుకుంటూ దిగిపోయారు. లోపల మేం ముగ్గురమే మిగిలాం. ఎండకి రెక్సిన్ కాలిపోతోంది. గోడవతల హోరు లేస్తోంది, తగ్గుతోంది. మనదో వాళ్ళదో బయటికి తెలియడం లేదు.

మూడు సీట్లు అయ్యాయి. నాలుగోది మూలదాకా చిరిగింది. మార్చాల్సిందే నిజానికి. కానీ మార్చడానికి కొత్త కవరూ లేదు, మిషనూ లేదు. మా మరిది సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, లోపలి నుంచి చిన్న ముక్క వేసి, మూల చుట్టూ చేత్తో కుట్టడం మొదలెట్టాడు. నేను రెండు చేతులతో కవరు బిగించి పట్టుకున్నాను. పెద్దాయన ముందు సీట్లో చిన్న రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నాడు.

ఉన్నట్టుండి గోడవతల నేల అదిరేంత అరుపు లేచింది. కిటికీ అద్దాలు గలగల్లాడాయి. ఆ అరుపు ఆగలేదు. మా మరిది చెయ్యి ఆగింది. గోడ వైపు చూశాడు. ఇన్నేళ్ళలో అలాంటి అరుపు లేచినప్పుడు వాడు దాని మధ్యలో లేకపోవడం అదే మొదటిసారి.

పెద్దాయన రేడియో చెవి నుంచి తీసి వెనక్కి తిరిగాడు. కొక్కేనికున్న బూర తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏమైందో చెప్పమంటావా?" అన్నాడు.

మా మరిది మొహం మీది చెమట భుజంతో తుడుచుకుని మళ్ళీ సీటు మీదికి వంగాడు.

"ఆగండి పెద్దాయనా. ఈ మూల కానీండి."

నేను కవరు ఇంకాస్త బిగించి పట్టుకున్నాను. మూల దగ్గర తొందరపడకూడదని వాడికి నేర్పింది నేనే.